ఒక్క నవల... ఇరవై ఎనిమిదేళ్లు!

పరీక్ష లేదు. పట్టా రాదు. పైసా లాభం లేదు. అయినా నెలనెలా కలిశారు, ఓ పేజీయో రెండు పేజీలో చదివారు, ఇళ్లకు వెళ్లిపోయారు. అలా పాతికేళ్లు దాటిపోయాయి. కొరుకుడుపడని పుస్తకాన్ని నలుగురూ కలిసి చదివితే ఏమవుతుందో చెప్పే కథ ఇది.

ఓ నవల చదవడానికి మీకెన్నాళ్లు పడుతుంది? రాత్రి భోంచేసి మొదలుపెట్టి తెల్లారేలోగా డిటెక్టివ్ నవల ముగించేసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కాస్త లావుపాటి పుస్తకమైతే వారం. మరీ బద్ధకిస్తే నెల. ఆ తర్వాత కూడా పూర్తికాలేదంటే అది ఇక అల్మారాలోకి వెళ్లిపోయినట్టే.

అమెరికాలోని కాలిఫోర్నియాలో వెనిస్ అని ఓ పేట ఉంది. లాస్‌ఏంజెలిస్ నగరంలోనే, సముద్రం ఒడ్డున. అక్కడి గ్రంథాలయంలో 1995లో కొందరు ఓ నవల చదవడం మొదలుపెట్టారు. పూర్తయింది ఎప్పుడో తెలుసా? 2023 అక్టోబరులో! మధ్యలో ఆపేసి మళ్లీ ఎప్పుడో తీసిందేమీ కాదు. నెలకోసారి కలుస్తూనే ఉన్నారు. ఒక్కోసారి పదిమంది వచ్చేవారు, ఒక్కోసారి ముప్ఫైమంది. మొదట్లో కలిసినప్పుడల్లా రెండేసి పేజీలు చదివేవారు. కొన్నాళ్లకు అదీ ఎక్కువే అనిపించి ఒక్క పేజీకి తగ్గించుకున్నారు. కరోనా రోజుల్లో కూడా మానలేదు, కంప్యూటర్ల ముందు కూర్చుని చదివారు.

ఇరవై ఎనిమిదేళ్లంటే ఎంత కాలమో ఒక్కసారి ఊహించండి. వాళ్లు మొదటి పేజీ తిప్పిన ఏడాదే మన దేశంలో మొట్టమొదటి సెల్‌ఫోన్ మోగింది. ఆ ఏడాదే ఇక్కడ ఎన్టీఆర్ ముఖ్యమంత్రి పదవి నుంచి దిగిపోయారు. పుస్తకం సాగుతుండగానే ఆర్కుట్ వచ్చి వెళ్లిపోయింది. ఆ మధ్యలోనే మన రాష్ట్రం రెండైంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ఈపాటికి పెళ్లిళ్లయి పిల్లలు కూడా ఉండవచ్చు. అంతకాలం ఒకటే పుస్తకం!

ఈ బృందాన్ని నడిపించింది గెర్రీ ఫియాల్కా అనే ప్రయోగాత్మక చిత్రాల దర్శకుడు. మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు నలభై పైన. చివరి పేజీకి చేరేసరికి డెబ్బై. పూర్తయ్యాక ఏం చేశారు? నవంబరులో మళ్లీ మొదటి పేజీకి వెళ్లారు. ఇదే లెక్కన నడిస్తే రెండోసారి పూర్తయ్యేది 2051లో.

ఇంతకీ అదే పుస్తకం?

జేమ్స్ జాయిస్ రాసిన ‘ఫిన్నెగన్స్ వేక్’. ఐర్లండ్ రచయిత జాయిస్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది 1922లో వచ్చిన ‘యులిసిస్’. అదే కొరకరాని కొయ్య అంటారు. కానీ ‘యులిసిస్’ చదివి గట్టెక్కినవాళ్లు కూడా ‘ఫిన్నెగన్స్ వేక్’ దగ్గరకొచ్చి చేతులెత్తేస్తారు. ‘యులిసిస్’ ఒక పగటి కథ, డబ్లిన్ నగరంలో 1904 జూన్ 16న ఒక మామూలు మనిషి తిరిగిన తిరుగుళ్లు. ‘ఫిన్నెగన్స్ వేక్’ రాత్రి కథ. నిద్రలో మనకు కలలెలా వస్తాయి? తాతయ్య మాట్లాడుతుంటాడు, చూస్తే ఆయన మన స్కూల్లో మాస్టారు అయిపోయి ఉంటాడు. ఇల్లు మనదే, కానీ వీధి ఇంకెక్కడిదో. మాటలు తెలిసినట్టే ఉంటాయి, అర్థం మాత్రం అందదు. సరిగ్గా అలాంటి భాషలో ఓ నవల రాస్తే ఎలా ఉంటుందో జాయిస్ రాసి చూపించాడు.

అందుకోసం ఆయన ఇంగ్లీషును ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టాడు. పదుల కొద్దీ భాషల మాటలు అందులో కలిపాడు. ఒక మాటలో రెండు మూడు మాటలు దాక్కుని ఉంటాయి. పైకి చదివితే ఒకటి, చెవికి వినిపించేది మరొకటి. మన అవధానాల్లో శ్లేషలు తెలిసినవాళ్లకు ఇది కాస్త తేలిగ్గా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, మన కవులు పద్యానికో శ్లేష పెడితే ఈయన మాటమాటకీ పెట్టాడు. అలా 628వ పేజీ దాకా! మధ్యమధ్యలో ఉరుములు వినిపించడానికి వంద అక్షరాల పొడవున్న మాటలు కూడా సృష్టించాడు. అలాంటివి పది ఉన్నాయి. పదో ఉరుముకు మాత్రం నూటొక్క అక్షరాలు. అన్నీ కలిపితే వెయ్యిన్నొకటి. అరేబియన్ నైట్స్ గుర్తొచ్చిందా? జాయిస్‌కు కావలసిందీ అదే.

కథ అంటూ ఉందా అంటే, ఉంది. డబ్లిన్ శివారులో సారాయి దుకాణం నడిపే ఓ పెద్దాయన, ఆయన భార్య, ఒకరంటే ఒకరికి పడని కవల కొడుకులు, ఓ కూతురు. పెద్దాయన మీద ఓ నింద పడుతుంది. ఏమిటా నింద అన్నది చివరిదాకా తేలదు. ఊరు మాత్రం దాన్ని పట్టుకుని రకరకాలుగా చెప్పుకుంటూనే ఉంటుంది. ఊళ్లో ఎవరి గురించైనా ఓ పుకారు పుడితే ఏమవుతుందో మనకు తెలియంది కాదు కదా! నవల పేరు ఓ ఐరిష్ జానపద గీతం నుంచి వచ్చింది. ఇటుకలు మోసే ఓ కూలీ నిచ్చెన మీంచి పడి చనిపోతాడు. శవ జాగారంలో ఎవరో విస్కీ ఒలకబోస్తే దిగ్గున లేచి కూర్చుంటాడు. పడటం, లేవడం, మళ్లీ పడటం... నవలంతా అదే. అందుకే మొదటి వాక్యం మధ్యలోంచి మొదలవుతుంది. చివరి వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది. ఆ రెంటినీ కలిపితే ఒకే వాక్యం! వెనిస్ మిత్రులు ఆపకుండా మళ్లీ మొదటికి వెళ్లిపోవడానికి కారణం కూడా అదే. ఆ పుస్తకానికి అసలు ముగింపే లేదు.

చూపు మందగించిన రచయిత

జాయిస్ దీన్ని 1923లో మొదలుపెట్టాడు. పుస్తకంగా వచ్చింది 1939 మే నెలలో. పదహారు పదిహేడేళ్ల కష్టం. ఆ కాలమంతా ఆయనకు కళ్ల జబ్బే. ఎన్నోసార్లు ఆపరేషన్లు జరిగాయి. పెద్దపెద్ద కాగితాల మీద లావుపాటి అక్షరాలతో రాసుకునేవాడు. అదీ చేతకానప్పుడు మిత్రులకు చెప్పి రాయించేవాడు. అలా రాసిపెట్టినవాళ్లలో ఆనాటికి కుర్రవాడైన శామ్యూల్ బెకెట్ కూడా ఉన్నాడు. తర్వాత ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. జీవిత చరిత్రకారులు చెప్పే ఓ ముచ్చట ఉంది. ఓరోజు జాయిస్ చెబుతుంటే బెకెట్ రాస్తున్నాడు. ఎవరో తలుపు తట్టారు. జాయిస్ ‘లోపలికి రండి’ అన్నాడు. తలుపు చప్పుడు వినని బెకెట్ ఆ మాటను కూడా రాసేశాడు. తర్వాత చదివి వినిపిస్తే జాయిస్‌కు ఆశ్చర్యం, ఈ మాట ఎక్కణ్నుంచి వచ్చిందని. సంగతి తెలిశాక కాసేపు ఆలోచించి ‘ఉండనీ’ అన్నాడట.

ముక్కలు ముక్కలుగా పత్రికల్లో వస్తున్నప్పుడే ఈ రచన మీద విమర్శలు మొదలయ్యాయి. అప్పటిదాకా ఆయన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లు కూడా ఇదేం పిచ్చి అన్నారు. ఏళ్ల తరబడి డబ్బు సాయం చేసిన హేరియట్ వీవర్‌కే నమ్మకం సడలింది. అప్పుడు 1929లో బెకెట్‌తో సహా పన్నెండుమంది కలిసి దాన్ని సమర్థిస్తూ వ్యాసాల సంపుటి తెచ్చారు. పుస్తకం పూర్తికాకముందే దానిమీద పుస్తకం! అంటే ఈ నవలను గుంపుగా చదవడం వెనిస్‌లో మొదలైంది కాదన్నమాట. రచయిత బతికుండగానే, ఆయన ఇంట్లోనే మొదలైంది. 1941లో జ్యూరిక్‌లో జాయిస్ చనిపోయాడు. మరో మూడేళ్లకు జోసెఫ్ క్యాంప్‌బెల్, హెన్రీ మోర్టన్ రాబిన్సన్ అనే ఇద్దరు కలిసి ఈ నవలకు మొదటి తాళంచెవి లాంటి వ్యాఖ్యానం రాశారు. చూడండి, అదీ ఇద్దరు కలిసే రాశారు.

మనకు అందని మాట పక్కవాడికి అందుతుంది

వెనిస్ వాళ్లది వింత అనుకుంటే జ్యూరిక్ వెళ్లి చూడాలి. జాయిస్ సమాధి ఉన్న ఆ నగరంలోనే 1985లో ఆయన పేరిట ఓ ఫౌండేషన్ ఏర్పడింది. అక్కడ వారం వారం చదివే బృందాలున్నాయి. ‘ఫిన్నెగన్స్ వేక్’ బృందానికి మొదటి పేజీ నుంచి చివరి పేజీకి చేరడానికి పదకొండేళ్లు పట్టింది. అయిపోగానే మళ్లీ మొదలు. ఈ చదువరుల మీద స్పెయిన్ కళాకారిణి డోరా గార్సియా 2013లో ఓ డాక్యుమెంటరీ చిత్రమే తీసింది. ఓ బల్ల, చుట్టూ జనం, చేతుల్లో నలిగిపోయి అంచులనిండా పెన్సిలు రాతలతో నిండిన పుస్తకాలు. వాళ్లు ఒక మాట దగ్గర ఆగుతారు. ఒకాయన అది లాటిన్ అంటాడు. ఇంకొకరు కాదు, ఫలానా పాటలో పల్లవి అంటారు. మరొకరు నవ్వుతారు. ఆ నవ్వుకు కారణం చెప్పేసరికి అందరూ నవ్వుతారు. ఇంతే సినిమా. చూస్తుంటే మాత్రం ఆ బల్ల దగ్గర మనకూ ఓ కుర్చీ ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఇలాంటి పుస్తకాన్ని ఒంటరిగా చదివితే ప్రతి వాక్యం మన తెలివితక్కువతనాన్ని గుర్తుచేస్తుంది. పది పేజీలయ్యేసరికి నాకు అర్థం కావడం లేదని మూసేస్తాం. అదే పదిమంది కూర్చున్నప్పుడు అర్థం కాకపోవడం ఎవరి లోపమూ కాదు. అందరికీ అర్థం కాలేదు కదా! సంగీతం తెలిసినాయన రాగం పట్టుకుంటాడు. చర్చికి వెళ్లే పెద్దావిడ ప్రార్థన పట్టుకుంటుంది. వంటమనిషి వంట పేరు, నావికుడు తాడు ముడి పేరు గుర్తుపడతారు. జాయిస్ ఒక్కడు లోకాన్నంతా అందులో కూరాడు. దాన్ని తిరిగి బయటికి తీయాలంటే ఒక్కడివల్ల కాదు, లోకంలోంచి కొందరు రావాలి.

ఒక భౌతిక శాస్త్రవేత్త కూడా వచ్చాడు. ఇంటర్ సైన్సు చదివిన పిల్లలందరికీ ‘క్వార్క్’ అంటే తెలుసు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు వాటితోనే తయారవుతాయి. ఆ మాట పుట్టింది ప్రయోగశాలలో కాదు, ‘ఫిన్నెగన్స్ వేక్’లో. ముర్రే గెల్‌మన్ 1964లో ఆ కణాలను ప్రతిపాదించినప్పుడు వాటిని ఎలా పిలవాలో ఆయనకు ధ్వని మాత్రమే తట్టింది. అక్షరాలు తట్టలేదు. ఈ నవల తిరగేస్తుంటే ఆ ధ్వనికి దగ్గరగా ఉన్న మాట, పక్కనే మూడు అనే అంకెతో సహా కనిపించింది. ఒక ప్రోటాన్‌లో ఉండేవి కూడా మూడు క్వార్కులే! సాహిత్యం ఎందుకు పనికొస్తుందని పిల్లలు అడిగితే చెప్పడానికి ఇంతకన్నా మంచి ముచ్చట దొరకదు.

గోదావరీ ఉంది!

ఇప్పుడు మన వంతు. నవల మొదటి భాగం చివర ఓ అధ్యాయం ఉంది. లిఫీ నది డబ్లిన్ మీదుగా పారుతుంది. దానికి చెరో ఒడ్డున ఇద్దరు చాకలి స్త్రీలు బట్టలుతుకుతూ ఊరి కబుర్లు చెప్పుకుంటుంటారు. ఎవరి బట్టమీద ఏ మరక ఉందో, ఆ మరక ఎందుకు పడిందో అంతా వాళ్లకు తెలుసు. పెద్దాయన భార్య సంగతి చెప్పు, చెప్పు అని ఒకరినొకరు ఉసిగొల్పుకుంటారు. ఆ భార్యే లిఫీ నది కూడా! అందుకని జాయిస్ ఈ అధ్యాయంలో ప్రపంచంలోని నదుల పేర్లను వందల కొద్దీ మాటల మధ్యలో దాచిపెట్టాడు. నది కబుర్లు నదుల పేర్లతోనే చెప్పించాడన్నమాట.

అందులో మన గోదావరి ఉంది. చాలా నదుల పేర్లను ఆయన వంకరటింకరగా మార్చి దాచాడు గానీ గోదావరిని మాత్రం అక్షరం మార్చకుండా అలాగే పెట్టాడు. ఎక్కడ పెట్టాడు? సాయంకాలం అవుతోంది. గుడి గంట మోగుతోంది. ఉతికిన బట్టలు పిండి ఆరేసే వేళ. అలాంటప్పుడు ఏ చాకలైనా ఏమనుకుంటుంది? దేవుడా, వాన రానివ్వకు అనే కదా. ఇంగ్లీషులో ఆ మాటలను గబగబా పలికితే వచ్చే ధ్వని, మన నది పేరు ఒక్కటే అయిపోయాయి. పైకి చూస్తే గోదావరి తల్లిని వేడుకున్నట్టు, చెవికి దేవుణ్ని వేడుకున్నట్టు. వెనిస్‌లోనో జ్యూరిక్‌లోనో ఆ బల్ల దగ్గర ఓ రాజమండ్రి మనిషి కూర్చుని ఉంటే, వ్యాఖ్యానాల జోలికి పోకుండానే ఎగిరి గంతేసేవాడు. చిత్రమేమిటంటే మన పల్లెల్లో వాన కోసం విరాటపర్వం చదివిస్తారు. జాయిస్ చాకలివాళ్లు వాన వద్దని గోదావరిని తలుచుకున్నారు!

ఆ అధ్యాయం చివరి భాగాన్ని జాయిస్ స్వయంగా చదివి 1929లో రికార్డు చేయించాడు. గోదావరి వచ్చే చోటు ఉన్నది ఆ భాగంలోనే. ఆ రికార్డు ఇప్పుడు ఎవరైనా వినవచ్చు. కాగితం మీద రాళ్లగుట్టలా కనిపించే భాష ఆయన గొంతులో నీళ్లలా పారుతుంది. చీకటి పడేకొద్దీ నది వెడల్పవుతుంది. ఒడ్డున ఉన్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు. చివరికి ఒకామె చెట్టయిపోతుంది, మరొకామె రాయైపోతుంది. ఈ ఒక్క అధ్యాయం కోసం మిగతా నవలను క్షమించవచ్చనిపిస్తుంది. మిగతాదంతా అంత గొప్పగా ఉందని మాత్రం ఈ వ్యాసకర్త ఒట్టేసి చెప్పలేడు. కొన్నిచోట్ల జాయిస్ పాఠకుడి ఓపికతో ఆడుకున్నాడు.

అయినా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. 2012 చివర్లో దీని మొదటి భాగం చైనా భాషలోకి వస్తే తొలి ముద్రణ 8 వేల కాపీలు నెల రోజులు తిరిగేసరికి దాదాపు ఖాళీ!

రోజుకో అధ్యాయం

సరే, మనకు అంత సాహసం అక్కర్లేదు. పాతికేళ్లు కూడా అక్కర్లేదు. ఏడాది చాలనుకునేవాళ్లకు టాల్‌స్టాయ్ ఉన్నాడు. ‘యుద్ధము-శాంతి’లో 361 అధ్యాయాలున్నాయి. దాదాపు అన్నీ పొట్టివే. రోజుకొకటి చదివితే సంక్రాంతికి మొదలుపెట్టి మళ్లీ సంక్రాంతిలోపు పూర్తవుతుంది, పండక్కీ పబ్బానికీ సెలవుగా నాలుగు రోజులు కూడా మిగులుతాయి. ఆ లెక్క చూసే చాలా దేశాల్లో స్నేహితులు అలా చదువుతుంటారు.

2020 మార్చిలో కరోనాకు లోకమంతా తలుపులు వేసుకుంది. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రచయిత్రి యీయున్ లీ అప్పుడు ఓ సాహిత్య పత్రికతో కలిసి ఓ పిలుపునిచ్చింది. మార్చి 18 నుంచి రోజుకు పన్నెండు నుంచి పదిహేను పేజీలు. అరగంట పని. 85 రోజుల్లో ‘యుద్ధము-శాంతి’ పూర్తి. ఎవరింట్లో వాళ్లుండే చదివారు, ఆరోజు పేజీల్లో తమకు నచ్చింది ఒకరికొకరు చెప్పుకున్నారు. బయట ఏం జరుగుతుందో తెలియని రోజులవి. రేపు ఏమవుతుందో చెప్పలేని స్థితిలో, రేపు ఏ పేజీలు చదవాలో మాత్రం కచ్చితంగా తెలుసు! అది ఎంత ధైర్యమిచ్చిందో ఆ తర్వాత వాళ్ల మాటలతోనే 2021లో ఓ పుస్తకం వచ్చింది. ఆ నవలలో కూడా నెపోలియన్ మాస్కో మీదికి వస్తుంటాడు, ఊళ్లు ఖాళీ అవుతుంటాయి, అయినా జనం పెళ్లిళ్ల గురించీ అప్పుల గురించీ మాట్లాడుకుంటూనే ఉంటారు.

ఇంకాస్త తొందరగా కావాలా? అమెరికాలోని న్యూ బెడ్‌ఫోర్డ్‌లో తిమింగలాల వేటకు సంబంధించిన మ్యూజియం ఉంది. అక్కడ ఏటా జనవరిలో ‘మోబీడిక్’ నవలను ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా బిగ్గరగా చదువుతారు. 25 గంటల్లో పూర్తి. మన సప్తాహాలు, అఖండ పారాయణాలు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

మనకు కొత్తా ఏమిటి?

ఆమాటకొస్తే కలిసి చదవడం మన ఊళ్లలో ఉన్నదే. రాత్రి భోజనాలయ్యాక రచ్చబండ దగ్గరో, ఎవరి పంచలోనో లాంతరు వెలిగించి భారతం చదివించేవారు. ఒకరు పద్యం చదువుతారు. మరొకరు అర్థం చెబుతారు. వినేవాళ్లలో సగం మందికి అక్షరం ముక్క రాకపోయినా ద్రౌపది ప్రశ్నకు జవాబేమిటని వాదించుకునేవారు. తిక్కనగారి పద్యం తేలిగ్గా ఏమీ ఉండదు. అయినా ఎవరూ భయపడలేదు, ఎందుకంటే ఎవరూ ఒంటరిగా చదవలేదు. తర్వాత పుస్తకం చౌకైంది, చదువులు పెరిగాయి, చదవడం ఎవరికి వాళ్లు మూల కూర్చుని మౌనంగా చేసే పనైపోయింది. అది మంచిదే. కానీ కష్టమైన పుస్తకాలు మాత్రం అనాథలైపోయాయి.

తెలుగులో అలాంటి అనాథల్లో పెద్దది విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’. పేరు తెలియనివాళ్లు లేరు. ఇంట్లో ఉన్నవాళ్లూ తక్కువేం కాదు. చివరిదాకా చదివామని చెప్పేవాళ్లు ఎంతమంది? సుమారు వెయ్యి పుటలు. జాయిస్ తన నవలకు పదిహేడేళ్లు తీసుకున్న ఆ కాలంలోనే, 1934లో, విశ్వనాథ దీన్ని ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారనీ, నెల తిరక్కుండానే పూర్తయిందనీ ప్రసిద్ధి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. పీవీ నరసింహారావు దీన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తీసుకెళ్లారు. చెప్పింది వేగంగానే గానీ చదవడం మాత్రం వేగంగా సాగదు. సుబ్బన్నపేట అనే ఊరు, దాన్ని కాచే వేయి పడగల సర్పం, ఒక్కో పడగా రాలిపోవడం, ధర్మారావు, అరుంధతి, గిరిక, పసిరిక... మధ్యలో సంగీతం, నాట్యం, వైద్యం, విద్య మీద పుటలకు పుటల చర్చ. కులవ్యవస్థ గురించి, పాత కాలం గురించి ఆయన అభిప్రాయాలు ఈనాటి చాలామందికి మింగుడుపడవు. మరి చదవడం ఎందుకు? సరిగ్గా అందుకే! ఒప్పుకోనివాళ్లు, ఒప్పుకునేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, పేజీ చూపించి మరీ పోట్లాడుకోగల తెలుగు నవలలు ఎన్నున్నాయి? టీవీ చర్చలో ఎదుటివాడి మాట వినపడదు. ఇక్కడ కనీసం ఇద్దరూ ఒకే వాక్యం చదివి ఉంటారు.

అంత పెద్దది వద్దు, కానీ జాయిస్ రుచి కావాలంటే నవీన్ ‘అంపశయ్య’ ఉంది. 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. అతడి బుర్రలో తిరిగే ఆలోచనలే నవల. ఆ నవల పేరే ఆయన ఇంటిపేరైపోయింది. ఇది నెలరోజుల్లో అయిపోతుంది, బృందం నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి మంచి మొదలు.

బృందాలు ఎందుకు చెదిరిపోతాయి?

మొదలుపెట్టడం తేలికే. మూడో వారానికి ముగ్గురు మిగులుతారు. ఎక్కువమంది చేసే పొరపాటు తొందర. వారానికి వంద పేజీలని పెట్టుకుంటారు. ఒకరికి ఆఫీసు పని, ఇంకొకరికి పిల్లల పరీక్షలు. చదవలేనివాళ్లు సిగ్గుపడి రావడం మానేస్తారు. వెనిస్ వాళ్లు ఇందుకు పూర్తి విరుద్ధంగా చేశారు. నెలకు రెండు పేజీలు బరువైతే ఒకటి చేశారు. ఇంట్లో చదవని మనిషి కూడా వచ్చి కూర్చోగలిగేంత తక్కువ! వారానికి ఇరవై పేజీలు చదివినా ‘వేయిపడగలు’ యాభై వారాల్లో, అంటే ఏడాదిలోపే పూర్తవుతుంది.

రెండో ప్రమాదం అన్నీ తెలిసినాయన. ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. విమర్శ గ్రంథాలన్నీ చదివేసి వస్తారు. మిగతావాళ్లు నోరు విప్పేలోగా అర్థం చెప్పేస్తారు. ‘ఫిన్నెగన్స్ వేక్’కు రోలండ్ మెక్‌హ్యూ 1980లో వేసిన వివరణల పుస్తకంలో పుట పుటకీ, పంక్తి పంక్తికీ అర్థాలున్నాయి. ముందే అది తెరిస్తే ఇక కలిసి కూర్చోవడం దేనికి? ముందు చదవాలి, తోచింది చెప్పుకోవాలి, తప్పులు చెప్పి నవ్వుకోవాలి, ఆ తర్వాతే వివరణ. అన్నీ తెలిసినాయనకు ఓ పని అప్పగిస్తే సరిపోతుంది. బిగ్గరగా చదివే పని. చదువుతూ ఉంటే వ్యాఖ్యానం చెప్పే తీరిక ఉండదు.

బిగ్గరగా చదవడం మాత్రం తప్పనిసరి. కంటికి అడ్డం తగిలిన మాట చెవిలో దిగిపోతుంది. విశ్వనాథ వాక్యమైనా అంతే, జాయిస్ వాక్యమైనా అంతే. ఇంట్లో అమ్మమ్మగారో తాతగారో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ‘వేయిపడగలు’లో మీకు నిఘంటువులో వెతికినా దొరకని వ్యవసాయప్పని మాటా, నగ పేరూ ఆవిడ అలవోకగా చెప్పేస్తారు. టెన్త్ చదివే పిల్లలుంటే వాళ్లనూ పిలవండి. పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు అడిగేది వాళ్లే.

నలుగురైదుగురు చాలు. అందరి దగ్గరా ఒకే ముద్రణ ఉంటే పేజీ నంబర్ల గొడవ ఉండదు. మొదటి సమావేశానికి ఎవరూ ఏమీ చదువుకుని రావద్దని చెప్పండి. కూర్చున్నాక పుస్తకం తెరిచి తలో అరపేజీ చదవండి. నాలుగు పేజీలకు మించి వెళ్లకండి. వచ్చేవారం ఎవరింట్లోనో మాత్రం ఆ రాత్రే తేల్చుకోండి.